మెదకు పోస్నెట్ దొర

మెదకు పట్టణంలోని రాతి దేవాలయాన్ని ఎరుగని తెలంగాణవారు అరుదు. క్రిస్మసు నాడు అక్కడికి చేరే జనంలో క్రైస్తవులెందరో, కానివారూ ఇంచుమించు అందరే. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. చూచి వచ్చినవారు పదికాలాలపాటు చెప్పుకొనే కొలతలివి. చార్మినారుకన్న ఎత్తు కాగూడదని నిజాము ప్రభువు అభ్యంతరపెట్టినట్లు కథలు కూడ అల్లుకున్నారు. ఆ దేవాలయాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ పేరు ఇట్లా రాతితోనే ముడివడిపోయింది. అయితే ఆ నిర్మాణం ఆయన జీవితంలో పదేండ్ల పని. ఆయన మెదకును ఆశ్రయించి ఉన్నది నలుబది మూడేండ్లు. తక్కిన ముప్పది మూడేండ్లలో ఆయనా, ఆయన వెంట నడిచినవారూ చేసిన పని గోపురంవలె దూరానికి కనిపించేది కాదు. బడి వయస్సు ఎన్నడో దాటిపోయిన కూలివారిని దీపం చుట్టూ కూర్చుండబెట్టి, ఒక పాట, ఒక కథ, ఒక ప్రార్థన, వీలైతే నాలుగక్షరాలు నేర్పించటమే ఆ పని.

పోస్నెట్ 1870లో ఇంగ్లండులో జన్మించారు. తండ్రి వెస్లియన్ మెథడిస్టు సంఘంలో బోధకుడు. ఆ సంఘపు సంప్రదాయం కొంత తెలిసికొననిదే పోస్నెట్ మెదకులో చేసిన పనికి మూలం బోధపడదు.

మెథడిస్టు సంఘానికి మూలపురుషుడు జాన్ వెస్లీ. 1742లో బ్రిస్టలు నగరంలో ఆయన అనుచరులు కట్టుకొన్న ప్రార్థన మందిరానికి అప్పు మిగిలింది. సభ్యుడు ఒక్కంటికి వారానికొక పెన్నీ చొప్పున ఇచ్చి అది తీర్చాలన్నారు. పన్నెండుమందిని ఒక గుంపుగా చేసి, ఒకనిని నాయకునిగా పెట్టి, వాని చేత ఇల్లిల్లు తిరిగి చందా వసూలు చేయించారు. అట్లా తిరిగిన నాయకులకు చందా మాట అటుంచి ఇంటింటి సంగతులు తెలిసివచ్చినవి. ఎవడు తాగుతున్నాడో, ఎవరింట పొయ్యి రాజలేదో, ఎవరికి మనసు కుదుట లేదో తెలిసింది. అప్పు తీర్చేందుకు పుట్టిన ఏర్పాటు క్రమంగా తరగతి కూటమై, వారానికొకసారి పన్నెండుమంది కలుసుకొని ఒకరి మంచి చెడ్డలు ఒకరు విచారించుకొనే అలవాటుగా స్థిరపడింది. పెద్దవారు పెద్దవారితో కలిసి కూర్చుండి నేర్చుకొనటం ఆ సంఘంలో ఈ విధంగా మొదలైంది. తరువాత 1798లో నాటింగ్‌హాం పట్టణంలో లేసులు, మేజోళ్ళు అల్లే పనిలో ఉన్న యువతులకు చదువు చెప్పటానికి విలియం సింగిల్టన్ అనే మెథడిస్టు ఒక బడి పెట్టాడు. శామ్యూల్ ఫాక్స్ అనే క్వేకరు వర్తకుడు దానికి తోడైనాడు. ఇంగ్లండులో వయోజన విద్యాలయాల చరిత్రను అక్కడి నుండే లెక్కించటం వాడుక.

నైజాం రాజ్యంలో వెస్లియన్ మిషను పని 1879లో సికిందరాబాదు కేంద్రంగా ఆరంభమైంది. దానికి పునాది వేసినవారు విలియం బర్జెస్. 1874లో రైలు వచ్చిన తరువాత ఆ ఊరి రూపు మారుతూ ఉన్న రోజులవి. తిరుమలగిరి వైపు బ్రిటిషు పటాలాలు, కవాతు మైదానాలు, సోల్జర్ల బారకులు. స్టేషను వైపు బజారులు, బస్తీలు, బరువు మోసి బ్రతికే జనం. స్టేషనుకు చేరువలోని బోయిగూడ పేరులో పల్లకి మోసిన బోయీల ఊసు నేటికీ వినిపిస్తుంది. ఊరినంతటినీ జనం లష్కరు అన్నారంటే ఏది అక్కడ ప్రధానమో చెప్పనక్కరలేదు.

1895లో పాతికేండ్ల వయస్సున సికిందరాబాదులో దిగిన పోస్నెట్‌కు అప్పగించిన పని తిరుమలగిరి సోల్జర్లకు ఉపదేశం చెప్పటం. స్వదేశం విడిచి సముద్రం దాటి వచ్చి, స్వదేశీయులకే స్వభాషలో బోధించటం ఆయనకు తృప్తి నీయలేదు. 1896లో గుర్రమెక్కి మెదకు వెళ్ళారు. అప్పటికి అటు రైలు దారి లేదు. ఒక పగటి ప్రయాణం. మొదట డాకు బంగళాలో బస చేసి, తరువాత నివాసం కట్టుకొన్నారు. ఆ ప్రాంతమంతా కలిపి చూచినా నాటికి క్రైస్తవులు రెండు వందలకు మించరని లెక్క. ప్రార్థనకు ఉన్నది మట్టిగోడల పూరిపాక.

ఆనాటి నైజాం తెలంగాణంలో చదువు స్థితి ఎట్లున్నదో గమనించాలి. 1901 జనాభా లెక్కల ప్రకారం రాజ్యం మొత్తం మీద చదవను వ్రాయను వచ్చినవారు నూటికి సుమారు ముగ్గురు. ఆ ముగ్గురిలో మాల మాదిగవాడల వారిని వెదకటం వ్యర్థం. కచ్చేరీ భాష 1884 నుండి ఉర్దూ. ఇంటి భాష తెలుగు. కాగితం మీద ఏమున్నదో తెలియక వేలిముద్ర వేసేవానికి రెండూ ఒక్కటే. పట్వారి చెప్పినదే లెక్క, దొర చెప్పినదే అప్పు, వెట్టికి రమ్మంటే మారుమాట లేదు. ఇటువంటి వానికి అక్షరం వస్తే ఏమవుతుందో వానికంటె ముందు ఊరి పెద్దలే గ్రహించారని చెప్పవచ్చు.

ఆ కాలమే తెలంగాణంలో తెలుగు మేలుకొన్న కాలం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వెలసినవి. ఆ మహనీయుల సేవ చిరస్మరణీయమే. కాని గ్రంథాలయం గడప వరకు రావటానికి ముందు అక్షరం రావాలి. ఆ గడప తొక్కే హక్కు కూడ రావాలి. 1906లోనే భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథల ద్వారా తన వారిని సమీకరించి, తరువాత బడులు పెట్టించారు. మతం మారకుండానే మనిషి నిలబడాలన్నది వర్మగారి మార్గం. పోస్నెట్‌ది వేరొక మార్గం. ఇద్దరికీ ఎదురైన ప్రశ్న మాత్రం ఒక్కటే: పగలంతా ఒకరి పొలంలో వంగి పనిచేసిన మనిషికి రాత్రి ఏ విధంగా చదువు చెప్పాలి?

పోస్నెట్ స్వయంగా వయస్సు వచ్చిన తరువాత తెలుగు నేర్చిన విద్యార్థి. గ్రంథాలలోని తెలుగు ఒకటి, మెదకు రైతు నోట ఉర్దూ మాటలతో కలసి దొరలే తెలుగు మరొకటి. ఈ రెంటి మధ్య తడుముకొన్నవానికి ఎదుటివాని తడబాటు అర్థం కాకపోదు.

పద్ధతిలో కొత్తదనమేమీ లేదు. మనవారికి అనాదిగా తెలిసినదే. వినికిడి వల్ల వచ్చే విద్య మొదటిది. భాగవతం, బతుకమ్మ పాట, యక్షగానం పలకా బలపం లేకుండానే నోటికి వచ్చిన జనమది. అట్టివారికి పాట వచ్చిన తరువాత పాఠం తేలిక. పురుషోత్తమ చౌధరి వంటి కవులు అంతకు పూర్వమే రాగతాళాలతో రచించిన క్రైస్తవ కీర్తనలు తెలుగు సంఘాలన్నింటా వ్యాపించి ఉన్నవి. ఊరిలో కాపురముండే ఉపదేశకుడు సంజవేళ దీపం పెట్టి వాడవారిని పిలిచేవాడు. కీర్తన పాడించి, కథ చెప్పి, కథలో ప్రశ్న అడిగి, జవాబు అందరి చేతా కలిసి చెప్పించేవాడు. పట్టుదల గలవారు ఆ పాట పుస్తకంలోనే అక్షరాలు గుర్తుపట్టటం నేర్చేవారు. నోటికి వచ్చిన పాటలోని మాట కాగితం మీద కనిపించినప్పుడు పెద్దవాడికి కలిగే ఆశ్చర్యం పసివాడికి కలుగదు. వయోజన విద్య బోధించిన ఉపాధ్యాయులందరూ ఎరిగిన సంగతే ఇది.

ఈ ఏర్పాటుకు ఆయువుపట్టు పల్లె ఉపదేశకుడే. వారిలో పలువురు ఏ కొద్దిపాటి చదువో ఉన్న ఆ వాడల బిడ్డలే. నిన్నటిదాకా గొడ్లు కాచినవాడు నేడు పదిమందికి పాఠం చెప్పాలి. అందుచేత వారిని మెదకుకు రప్పించి తిరిగి తిరిగి శిక్షణ ఇవ్వటం మీద పోస్నెట్ దృష్టి నిలిపారు. ఉపదేశకునితో పాటు అతని భార్యకు కూడ చదువు చెప్పించటం మెదకు పద్ధతిలో విశేషం. మగవాడు ఒక్కడే చదివితే ఆ చదువు వాని ఒంటితోనే పోతుంది, ఇల్లాలికి వస్తే ఇంట నిలుస్తుందన్న ఇంగితం ఇందులో ఉన్నది. ఆడవారి పనిని పోస్నెట్ సోదరి ఎమిలీ, ఆమె స్నేహితురాలు హారిస్ ఏండ్ల తరబడి నడిపించారు. పెద్ద దేవాలయం గురించి వ్రాసేవారు ఈ ఇద్దరు స్త్రీల పేర్లు తరచు మరచిపోతారు. వాడలో స్త్రీలు ఒకచోట కూర్చుండి అక్షరాలు దిద్దటం ఆనాడు గోపురం కట్టటం కంటె తక్కువ సాహసం కాదు.

సహవాసమన్న మాటకు మెదకు పల్లెలలో గట్టి పరీక్షే ఎదురైంది. మొదట సంఘంలో చేరినవారు ఎక్కువగా మాలలు. మాదిగలు తరువాత వచ్చారు. ఊరు రెంటినీ వెలిగా ఉంచింది. ఆ రెండు వాడలు ఒకదానినొకటి దూరంగా ఉంచుకొన్నవి. ఒకే చాప మీద కూర్చుండటం, ఒకే గిన్నె నుండి పుచ్చుకొనటం బోధలో చెప్పినంత సులభం కాలేదు. వెస్లీ పన్నెండుమంది కూటం బ్రిస్టలులో కులమెరుగదు. అది మెదకుకు వచ్చి కులం ముందు నిలిచింది. కొన్నిచోట్ల గెలిచింది, కొన్నిచోట్ల ఓడింది.

ఇక దేవాలయం సంగతి. 1914లో నిర్మాణం మొదలైంది. యుద్ధకాలం, వానలు లేవు, కరవు. ఊరక తిండి పెట్టటం కంటె పని ఇచ్చి కూలి ఇవ్వటం మేలని తలచి పోస్నెట్ ఆ కరవు జనానికి రాతిపని కల్పించారు. నమూనా గీసినది ఇంగ్లండులోని బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే వాస్తుశిల్పుల సంస్థ. రాయి ఇక్కడిది, నేల పలకలు సముద్రం దాటి వచ్చినవి. 1924 డిసెంబరు 25న దేవాలయాన్ని ప్రారంభించారు. అప్పటికి సంఘం వందలు దాటి వేలు, వేలు దాటి పదివేలు అయింది.

ఇక్కడనే ఒక విమర్శ పుట్టింది, నేటికీ ఉన్నది. కరవునాట అన్నం పెట్టి మతంలో కలుపుకొన్నారన్నది దాని సారాంశం. దీనిని తేలికగా తోసివేయరాదు. ఆకలి గొన్నవాని ఎంపికలో ఆకలి పాలు ఎంతో ఎవరు తూచగలరు? అయితే కూలి తిన్నవారందరూ మతం మారలేదు. మారినవారు కరవు తీరిన తరువాత అందరూ వెనుకకు పోలేదు. అన్నం కంటె వేరొకటి వారిని పట్టి ఉంచింది. దీపం ముందు కూర్చున్నవేళ తనను పేరు పెట్టి పిలిచి, ప్రశ్న అడిగి, జవాబు కోసం వేచి ఉన్న మనిషి ఒకడు దొరకటమే అదని అనుకొనేందుకు ఆధారముంది. అంతకు ముందు ఆ ఊళ్ళలో వారిని ఎవరూ ప్రశ్న అడిగి ఎరుగరు, ఆజ్ఞాపించటమే ఎరుగుదురు.

ఆ కృషి పరిమితిని కూడ దాచనక్కరలేదు. పోస్నెట్ అనంతరం మెదకు పరిసర గ్రామాలలో పి. వై. లూక్, జాన్ కార్మన్ అనే ఇద్దరు పరిశోధకులు తిరిగి, 1968లో ఒక గ్రంథం ప్రకటించారు. గ్రామ క్రైస్తవులలో చదువు రానివారే ఎక్కువని, ఏసు కీర్తనలతో పాటు పోచమ్మ కొలుపు కూడ వదలని ఇండ్లున్నవని అందులో తేలింది. నేర్చిన అక్షరం నిత్యం వాడకుంటే మాసిపోతుంది. వాడటానికి ఆ ఇండ్లలో పుస్తకమూ లేదు, పత్రికా లేదు. వెలుగు అంటించటానికి ఒక ఉపదేశకుడు చాలును, దానిని నిలుపటానికి ఊరు మారాలి. ఆ మార్పు ఒక్క సంఘం చేతిలో ఉన్నది కాదు. పాట మాత్రం మాసిపోలేదు. ఆ ఊళ్ళలో అక్షరం రాని వృద్ధులు కీర్తనలు నోటికి పాడేవారు.

పోస్నెట్ 1939లో పదవి విరమించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, ఆంగ్లికనులు, మెథడిస్టులు తదితరులు ఒక్కటైనప్పుడు మెదకు దేవాలయం అధ్యక్షాలయమైంది. 1950లో ఆయన మరణించారు. ఆయన కట్టించిన దేవాలయానికి మూడు వైపుల మూడు రంగుటద్దాల కిటికీలున్నవి. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుని పని. క్రీస్తు ఆరోహణం చూపే కిటికీ 1927లో, జననం చూపేది 1947లో అమర్చారు. సిలువను చూపే మూడవది 1958లో వచ్చింది. దానిని పోస్నెట్ చూడలేదు. ఆ కిటికీలలోని బొమ్మలను వ్రేలు పెట్టి చూపుతూ, చదువు రాని పెద్దలు పక్కనున్న పిల్లలకు ఆ మూడు కథలు వరుసగా చెప్పగలిగేవారు.