లూథర్‌కి ఇంకో ఆప్షన్ లేదా?

సినిమాల్లో ఇంటర్వెల్ దగ్గర హీరోకి దారులన్నీ మూసుకుపోతాయి. ఇక తిరగబడక తప్పదు. మార్టిన్ లూథర్ కథనీ ఐదు వందల ఏళ్లుగా ఇలాగే చెబుతున్నారు. రికార్డులు చూస్తే మాత్రం కథ కాస్త వేరు.

లూథర్ 1483లో జర్మనీలోని ఐస్లేబెన్‌లో పుట్టాడు. రాగి గనుల పనిలో పైకొచ్చిన తండ్రికి కొడుకుని లాయర్‌గా చూడాలని ఆశ. 1505లో లా చదువు మొదలుపెట్టిన కొద్దిరోజులకే, దారిలో దగ్గర్లోనే పిడుగు పడింది. బతికితే సన్యాసం తీసుకుంటానని మొక్కుకున్నాడు. రెండు వారాల్లో మఠంలో చేరిపోయాడు. తండ్రి మండిపడ్డాడు.

డబ్బు తీసుకుని పాపశిక్ష తగ్గించే పత్రాల అమ్మకాన్ని ప్రశ్నిస్తూ 1517లో 95 వాదాలు రాశాడు. వాటిని చర్చి తలుపుకి మేకులతో కొట్టాడన్నది పాపులర్ సీన్. కళ్లారా చూశామని రాసినవాళ్లు లేరు. ఆర్చిబిషప్‌కి పంపిన ఉత్తరం మాత్రం నిజం.

1521 ఏప్రిల్‌లో వోర్మ్స్ నగరంలో చక్రవర్తి ఐదో చార్లెస్ ముందు నిలబెట్టారు. రాసింది వెనక్కి తీసుకుంటావా, లేదా? ఇదే ప్రశ్న. 1415లో యాన్ హుస్‌కి రక్షణ హామీ ఇచ్చి మరీ సజీవ దహనం చేసిన సంగతి లూథర్‌కి తెలుసు. వెంటనే జవాబివ్వలేదు, గడువు అడిగాడు. ఒక్క రోజు ఇచ్చారు.

అంటే ఆప్షన్ ఉంది. ఒక్క మాటతో బయటపడొచ్చు. మర్నాడు లూథర్ కాదన్నాడు. లేఖనాలతోనో తర్కంతోనో తప్పని చూపిస్తేనే మారతానని, మనస్సాక్షిని కాదనలేనని చెప్పాడు. తనకి గత్యంతరం లేదన్న ఫేమస్ డైలాగ్ అక్కడ రాసుకున్న రికార్డులో లేదు, తర్వాత అచ్చులో చేరింది.

చట్టం రక్షణ పోయింది. సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ కిడ్నాప్ నాటకమాడించి వార్ట్‌బర్గ్ కోటలో దాచాడు. అక్కడ సుమారు 11 వారాల్లో కొత్త నిబంధనని జర్మన్‌లోకి అనువదించాడు.

1525లో ఎరాస్మస్‌కి జవాబుగా రాసిన పుస్తకంలో, రక్షణ విషయంలో మనిషికి సొంత ఎంపిక లేదని, అది దేవుడి కృపేనని వాదించాడు. రోజువారీ పనుల్లో ఎంపిక ఉందని మాత్రం ఒప్పుకున్నాడు. ఆ ఏడాదే తిరగబడ్డ రైతుల్ని అణిచేయమని ప్రభువులకి రాశాడు. 1543లో యూదుల మీద విషం కక్కాడు. అవీ అతను ఎంచుకున్నవే. 1546లో పుట్టిన ఊళ్లోనే చనిపోయాడు.

ఆఫర్ వదులుకోవాలన్నా, తప్పుడు రిపోర్టు మీద సంతకం పెట్టాలన్నా మనమూ వేరే దారి లేదనేస్తాం. దారి లేదా, ఉన్న దారిలో వెళ్లడం ఇష్టం లేదా? తేల్చుకోవడానికి లూథర్‌లా ఒక్క రోజు అడగండి.