మాట్లాడని స్నేహితుడు

వర్జీనియా వుల్ఫ్ పేరు మనకి పరీక్షల్లోనే తగులుతుంది. చైతన్య స్రవంతి మీద వ్యాసం రాయమంటే రావిశాస్త్రి ‘అల్పజీవి’, నవీన్ ‘అంపశయ్య’ రాసేసి, ఇంగ్లీషులో జేమ్స్ జాయిస్, వర్జీనియా వుల్ఫ్ అని చివర్లో ఒక ముక్క కలుపుతాం. అక్కడితో ఆవిడతో మన పని అయిపోతుంది. ఆవిడ జీవితంలో జరిగిన ఒక చావు గురించీ, పాతికేళ్ల తర్వాత అది నవల అయిన తీరు గురించీ ఈసారి గోడపత్రికలో రాద్దామనిపించింది.

వర్జీనియా 1882 జనవరి 25న లండన్‌లో పుట్టింది. తండ్రి లెస్లీ స్టీఫెన్ పేరున్న పండితుడు. తల్లి జూలియా కలకత్తాలో పుట్టిన మనిషి, ఆవిడ తండ్రి అక్కడ డాక్టరు. ఇద్దరికీ అది రెండో పెళ్లి కావడంతో ఇంటినిండా పిల్లలే. వేసవి వస్తే అందరూ సముద్రం పక్కన సెయింట్ ఐవ్స్ అనే ఊళ్లో ఉన్న ఇంటికి వెళ్లేవాళ్లు. ఆ అలల చప్పుడు ఆవిడని జీవితమంతా వదల్లేదు.

పదమూడో ఏట తల్లి పోయింది. రెండేళ్లకి, తల్లిలా చూసుకున్న అక్క స్టెల్లా పోయింది. 1904లో తండ్రి కూడా పోయాడు. మనసు చెదిరి మంచాన పడటం ఆ రోజుల్లోనే మొదలైంది, తర్వాత కూడా ఆ జబ్బు వస్తూ పోతూ ఉండేది.

ఇంట్లో మగపిల్లల్ని కేంబ్రిడ్జికి పంపారు. ఆడపిల్లలిద్దరినీ, అంటే వెనెస్సానీ వర్జీనియానీ, పంపలేదు. వర్జీనియా లండన్‌లోనే ఆడవాళ్ల తరగతుల్లో గ్రీకూ లాటినూ చదువుకుంది, మిగతాదంతా నాన్న పుస్తకాల బీరువాలే. ఆవిడకి కేంబ్రిడ్జి అన్నయ్య థోబీ రూపంలో ఇంటికొచ్చింది. చిన్నప్పుడు బడినుంచి వచ్చి గ్రీకు కథలు చెప్పినవాడు థోబీ. షేక్‌స్పియర్ మీద చెల్లెలితో వాదనకి దిగినవాడూ అతనే. తండ్రి పోయాక అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ బ్లూమ్స్‌బరీ పేటకి ఇల్లు మారారు. అక్కడ థోబీ గురువారం సాయంత్రాలు తన కాలేజీ స్నేహితుల్ని ఇంటికి పిలవడం మొదలుపెట్టాడు. లిటన్ స్ట్రేచీ, క్లైవ్ బెల్ లాంటివాళ్లు వచ్చి అర్ధరాత్రి దాకా మాట్లాడుకునేవాళ్లు. తమతో సమానంగా మాట్లాడే స్నేహితులు ఆ అక్కచెల్లెళ్లకి దొరికింది అక్కడే. తర్వాత ప్రపంచమంతా తెలిసిన బ్లూమ్స్‌బరీ బృందానికి మొదలు ఆ గది. ఆ గదికి మొదలు థోబీ.

1906లో వాళ్లందరూ గ్రీసు చూడటానికి వెళ్లారు. కుటుంబ స్నేహితురాలు వయొలెట్ డికిన్సన్ కూడా తోడు వెళ్లింది. తిరిగొచ్చాక థోబీకి జ్వరం. ముందు మలేరియా అనుకున్నారు, టైఫాయిడ్ అని తేలేసరికి ఆలస్యమైపోయింది. నవంబరు 20న పోయాడు. ఇరవై ఆరేళ్లు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ తర్వాత జరిగిన సంగతి. వయొలెట్‌కి కూడా టైఫాయిడే. ఆవిడ తన ఇంట్లో మంచం మీద ఉంది. ఈ కబురు వింటే తట్టుకోలేదని వర్జీనియా ఆవిడకి ఉత్తరాలు రాస్తూనే ఉంది, అందులో థోబీ బతికే ఉన్నట్టు రాసింది. ఒంట్లో నిమ్మళిస్తోందనీ, నర్సుల మీద విసుక్కుంటున్నాడనీ, ఏదో తినాలని అడుగుతున్నాడనీ. దాదాపు నెల్లాళ్లు అలా నడిచింది. చివరికి వయొలెట్ ఏదో పత్రికలో చదివి అసలు సంగతి తెలుసుకుంది. వినేవాళ్లకి ఇది అబద్ధమే. కానీ రోజూ కూర్చుని చచ్చిపోయిన అన్నయ్యకి ఆకలి వేయించడం, కోపం తెప్పించడం ఎలా ఉంటుందో కాస్త ఆలోచించండి. అది వయొలెట్ కోసం మాత్రమే అని నేను అనుకోను.

థోబీ పోయిన రెండు రోజులకే వెనెస్సా క్లైవ్ బెల్‌తో పెళ్లికి ఒప్పుకుంది. స్నేహితులు చెదిరిపోలేదు, ఇంకా దగ్గరయ్యారు. థోబీ స్నేహితుల్లో లెనార్డ్ వుల్ఫ్ అనే అతను సిలోన్‌లో ఉద్యోగం చేసి 1911లో తిరిగొచ్చాడు. మరుసటేడు వర్జీనియాని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడని మొదటిసారి చూసింది కేంబ్రిడ్జిలో, థోబీ గదిలోనే. 1917లో ఇద్దరూ చేత్తో నడిపే చిన్న ప్రెస్సు కొని ఇంట్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆవిడ పుస్తకాలు చాలావరకు అక్కడినుంచే వచ్చాయి.

థోబీ గురించి రాయడానికి 1922లో ‘జేకబ్స్ రూమ్’లో ఒకసారి ప్రయత్నించింది. అసలు పుస్తకం మాత్రం 1931లో వచ్చిన ‘ది వేవ్స్’, అంటే అలలు. అందులో ఆరుగురు స్నేహితులు బెర్నార్డ్, సూసన్, రోడా, నెవిల్, జిన్నీ, లూయిస్. చిన్నపిల్లలుగా మొదలై ముసలివాళ్లయ్యేదాకా ఎవరి మనసులో మాట వాళ్లే చెప్పుకుంటారు. మధ్యమధ్యలో సముద్రం మీద సూర్యుడు పొడవడం, నడినెత్తికి రావడం, కుంగిపోవడం వస్తుంది. లూయిస్ ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాడు, తన యాసకి జన్మంతా సిగ్గుపడతాడు. ఊరికెళ్తే మన తెలుగు విని చుట్టాలు ముసిముసిగా నవ్వడం ఎరిగినవాళ్లకి లూయిస్ వెంటనే అర్థమవుతాడు.

ఏడోవాడు పెర్సివల్. అందరికీ ఇష్టమైనవాడు. ఇండియాకి వెళ్తున్నాడని లండన్‌లో హోటల్లో విందు చేసి పంపిస్తారు. ఇండియాలో గుర్రం మీదనుంచి పడి చచ్చిపోతాడు. పాతికేళ్లు. అతను పోయిన సమయంలోనే బెర్నార్డ్‌కి కొడుకు పుడతాడు. ఏడవాలో సంతోషించాలో బెర్నార్డ్‌కి తెలియదు. నవల మొత్తంలో పెర్సివల్ గొంతు ఒక్కసారి కూడా వినిపించదు. అప్పుడు ఉత్తరాల్లో అన్నయ్య చేత అన్నీ మాట్లాడించిన చెల్లెలు, నలభై తొమ్మిదేళ్లు వచ్చేసరికి అతన్ని మాట్లాడకుండా ఉండనిచ్చింది. నా లెక్కలో ఆవిడ చేసిన పనులన్నింటిలో ఇదే కష్టమైనది.

తర్వాత ఆ ఆరుగురూ మధ్యవయసులో హాంప్టన్ కోర్టులో మళ్లీ కలుస్తారు. ఒకరికి ఉద్యోగం, ఒకరికి పొలమూ పిల్లలూ, ఇంకొకరికి తెల్లబడుతున్న జుట్టు. ఎవరు ఏమయ్యారని ఒకర్నొకరు ఓరగా కొలుచుకుంటారు. పెర్సివల్ ఒక్కడికే వయసు రాదు. తాము ఎంత ముసలివాళ్లయ్యారో అతన్ని తలుచుకున్నప్పుడే వాళ్లకి తెలుస్తుంది. పుస్తకం కష్టమే, దాచను. మొదటి యాభై పేజీలు ఎవరు మాట్లాడుతున్నారో తెలియక తికమకపడతాం. ఆ విందు దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టండి.

1931 ఫిబ్రవరి 7న రాత పూర్తయింది. ఆ రోజు డైరీలో థోబీని తలుచుకుంది, కాసిని కన్నీళ్లు పెట్టుకుంది. మొదటి పేజీలో అతని పేరూ పుట్టిన ఏడూ పోయిన ఏడూ వేయొచ్చా అని ఆలోచించి, వద్దులే అనుకుంది. పుట్టిన ఏడు 1880 అయితే 1881 అని రాసుకుంది. పాతికేళ్లయింది మరి.

పుస్తకం వచ్చిన మూడు నెలలకి లిటన్ స్ట్రేచీ పోయాడు. 1934లో రోజర్ ఫ్రై పోయాడు. 1937లో వెనెస్సా పెద్దకొడుకు స్పెయిన్ యుద్ధంలో అంబులెన్సు నడుపుతూ చనిపోయాడు. అతని పేరు జూలియన్. థోబీ పూర్తిపేరు జూలియన్ థోబీ స్టీఫెన్, ఆ పేరే పెట్టుకున్నారు. ఈసారి అక్క దుఃఖం దగ్గర రోజుల తరబడి కూర్చుంది వర్జీనియానే.

1941 మార్చి 28న, యుద్ధకాలంలో, పాత జబ్బు మళ్లీ వస్తోందన్న భయంతో ఊజ్ నదిలో ప్రాణం తీసుకుంది. యాభై తొమ్మిదేళ్లు. లెనార్డ్ ఆవిడ చితాభస్మాన్ని రాడ్మెల్ ఊళ్లో తమ ఇంటి తోటలో ఒక ఎల్మ్ చెట్టు కింద పెట్టాడు. పలక మీద ‘ది వేవ్స్’ ఆఖరి మాటలు చెక్కించాడు. అవి ముసలివాడైన బెర్నార్డ్ చావుతో అన్న మాటలు. లెనార్డ్ 1969లో పోయేదాకా ఆ ఇల్లు వదల్లేదు.