కొలిచి చూశాకే మందు: డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం



మన హాస్టల్లో ఎవరికైనా నీరసంగా ఉంటే ముందు పక్కవాడి ట్రంకు పెట్టె తెరుస్తాం. ఇంటి నుంచి తెచ్చుకున్న కాల్షియం మాత్రలో, ఐరన్ టానిక్కో ఉంటే తీసి ఇస్తాం. బలానికిచ్చే మందే కదా, మంచే చేస్తుంది అనుకుంటాం. ఈ నమ్మకం ఎంతవరకు సరైనదో మాకు తెలిసింది మన భీమవరంలో పుట్టిన ఒక మహనీయుడి జీవితం చదివాకే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి రాస్తున్నాం.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. చదువు మీద మనసు నిలవక మెట్రిక్ రెండుసార్లు తప్పారు. తల్లి పట్టు వదల్లేదు. చివరకు మద్రాసులో హిందూ హైస్కూల్లో చదివి మూడోసారి పాసయ్యారు. పదో తరగతి తప్పి పుస్తకాలు మూలన పడేసిన మిత్రులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

తరువాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బులో తిన్న తిండిలోని సారాన్ని పేగు పీల్చుకోలేదు. విరేచనాలతో మనిషి చిక్కిపోతాడు, రక్తం తగ్గిపోతుంది. కడుపుకు తిన్నా ఒంటికి పట్టకపోవడమెలా ఉంటుందో సుబ్బారావు గారు తన ఇంట్లోనే చూశారు. అదే జబ్బు తనకూ వచ్చి, ఎలాగో బయటపడ్డారు.

1920ల తొలి సంవత్సరాల్లో, మామగారి సహాయంతో, భార్య శేషగిరి గారిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో హార్వర్డ్‌లో చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు ప్రయోగశాలలో పనిచేశారు.

అక్కడ సైరస్ ఫిస్క్ గారితో కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి అది. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, మరొక రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువైతే రంగు ముదురుగా, తక్కువైతే లేతగా ఉంటుంది. ఆ రంగును తెలిసిన కొలత ఉన్న రంగుతో పోల్చి లెక్క చెబుతారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని దీన్ని ప్రపంచమంతటా విద్యార్థులు ప్రయోగశాలల్లో నేర్చుకున్నారు.

దీని విలువ పిల్లల జబ్బుల్లో బాగా తెలుస్తుంది. కాళ్లు వంకర తిరిగి, మణికట్లు లావెక్కే రికెట్స్ జబ్బులో చాలామంది పిల్లలకు రక్తంలో భాస్వరం తగ్గిపోతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్న పిల్లవాడి ఎముకలు కూడా అలాగే బలహీనమవుతాయి. కానీ వాడి రక్తంలో భాస్వరం బయటకు పోక పేరుకుంటుంది. పైకి చూస్తే ఇద్దరివీ వంకర కాళ్లే. ఒకరికి లోటు తీర్చాలి, రెండో వాడికి భాస్వరం తగ్గించాలి. కొలవకుండా ఇద్దరికీ ఒకే మందు ఇస్తే రెండో వాడికి హాని చేసినట్లే. పెరిగే పిల్లల రక్తంలో భాస్వరం పెద్దల కంటే ఎక్కువ ఉండడం సహజం కాబట్టి, వయసును కూడా చూసి లెక్కవేయాలి.

తరువాత కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను ఫిస్క్ గారితో కలిసి వెలుగులోకి తెచ్చారు. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి, పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది ఖనిజం కాదు, విటమిన్. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూలో తగ్గిపోయిన రక్తం మళ్లీ పుంజుకోవడానికి ఆ మందే పనికివచ్చింది.

ఇక్కడే మనం ఆలోచించవలసిన సంగతి ఉంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి చెందిన మందులు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా పెరిగినట్లు ఆయన గమనించారు. అప్పుడు సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను అందించింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. ఒక బిడ్డకు ప్రాణం పోసిన బలం మందు మరో బిడ్డలో జబ్బునే పెంచింది. ఆ వరుసలోనే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను పిల్లల రక్త క్యాన్సర్‌కు నేటికీ వాడుతున్నారు.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. నోబెల్ బహుమతి రాలేదు. తిరిగి స్వదేశం చేరలేదు. ఆయన కోసం ఎదురుచూసిన శేషగిరి గారి త్యాగాన్ని కూడా మనం మరువరాదు.

తమ్ముళ్లూ, బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని పారేయకండి, భోజనం చేశాక వేసుకోండి. అయితే మనలో తలసీమియా ఉండి తరచు రక్తం ఎక్కించుకునే మిత్రుడు ఉంటే, వాడి ఒంట్లో ఇనుము ముందే పేరుకుని ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్న మిత్రుడికీ మన మాత్రలు పనికిరాకపోవచ్చు. అలాంటి వారికి పెట్టెలోని సీసా తీసి ఇవ్వకండి. వార్డెన్ గారికి చెప్పి, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి. రక్తపరీక్ష చేయించాకే మందు. భీమవరం బిడ్డ జీవితం నుంచి మేము నేర్చుకున్నది ఇదే.