చేతిపనివాళ్ళకి కుర్చీ వేసిన కమలాదేవి

పోయినేడాది మన టెక్ ఫెస్ట్‌లో చేనేత స్టాల్ బాధ్యత నా మీద పడింది. ఒక నేత పెద్దాయన్ని పిలిపించాం. పాపం, చిన్న మగ్గం కూడా మోసుకొచ్చారు. రోజంతా అందరూ ఆ మగ్గం పక్కన సెల్ఫీలు దిగారు, సాయంత్రం శాలువా కప్పాం, చప్పట్లు కొట్టాం. వెళ్ళేటప్పుడు ఆయన ఆర్డర్లు ఏమైనా వచ్చాయా బాబూ అని అడిగారు. నేను నీళ్ళు నమిలాను. ఆర్డర్లు రాసుకోడానికి ఒక నోట్‌బుక్ పెట్టాలన్న ఆలోచన కూడా మాకెవరికీ రాలేదు మరి.

ఆ సిగ్గుతోనే, చేతిపనివాళ్ళ కోసం సభలూ సంఘాలూ సరిగ్గా ఎవరు నడిపారా అని వెతకడం మొదలుపెట్టాను. అలా దొరికిన పేరు కమలాదేవి చటోపాధ్యాయ. 2018లో ఒకరోజు గూగుల్ డూడుల్‌లో కనిపించిన ఆవిడే. నేనప్పుడు చూసి స్క్రోల్ చేసేసి ఉంటాను.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగళూరులో పుట్టారు. ఏడేళ్ళ వయసులో నాన్న పోయారు. వీలునామా లేదు. అమ్మ గిరిజాబాయి రెండో భార్య కావడంతో ఆస్తంతా మొదటి భార్య కొడుక్కి వెళ్ళిపోయింది. భరణం ఇస్తామన్నా గిరిజాబాయి వద్దన్నారు. ఆడవాళ్ళకి హక్కు లేకపోవడం అంటే ఏంటో ఆ పిల్లకి పుస్తకంలో కాదు, సొంత ఇంట్లోనే తెలిసింది. పద్నాలుగేళ్ళకి పెళ్ళి చేశారు. రెండేళ్ళు తిరక్కుండానే భర్త చనిపోయాడు.

ఆ రోజుల్లో అయితే అక్కడితో కథ అయిపోవాలి. కానీ అమ్మ చదువు మాన్పించలేదు. మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో చదువుతున్నప్పుడు సుహాసిని అనే స్నేహితురాలి ద్వారా ఆమె అన్న హరీంద్రనాథ్ పరిచయమయ్యాడు. ఇక్కడే మన హైదరాబాద్ లింకు. సుహాసిని, హరీంద్రనాథ్, సరోజినీ నాయుడు ముగ్గురూ నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ పిల్లలు. ఎంతమంది ముక్కున వేలేసుకున్నా కమలాదేవి హరీంద్రనాథ్‌ని పెళ్ళి చేసుకున్నారు. తర్వాత కాలంలో కుదరక విడాకులు కూడా తీసుకున్నారు. అప్పట్లో ఆ మాట పైకి అనడానికే జనం భయపడేవాళ్ళు.

పెళ్ళయ్యాక లండన్ వెళ్ళి చదువుకున్నారు, సహాయ నిరాకరణ ఉద్యమం కబురు విని తిరిగొచ్చేశారు. 1926లో మద్రాసు శాసనసభకి పోటీ చేసి చాలా కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. 1927లో అఖిల భారత మహిళా సభ మొదలైనప్పుడు దాని తొలి ఆర్గనైజింగ్ సెక్రటరీ ఆవిడే. అంటే ఉత్తరాలు రాయడం, ఊళ్ళు తిరగడం, నలుగురిని ఒకచోటికి చేర్చడం. మన క్లబ్‌లో ఎవరూ తీసుకోడానికి ఇష్టపడని పని!

1930లో ఉప్పు సత్యాగ్రహానికి గాంధీ మొదట మగవాళ్ళనే ఎంచుకున్నారు. కమలాదేవి వెళ్ళి వాదించి ఆడవాళ్ళు కూడా ఉండాలని ఒప్పించారు. బొంబాయి స్టాక్ ఎక్స్చేంజ్‌లోకి వెళ్ళి మరీ ఉప్పు పొట్లాలు అమ్మారు, జైలుకెళ్ళారు.

ఇదంతా స్కూల్ బుక్‌లో ఎక్కడో ఒక లైను ఉండొచ్చు. నన్ను ఆపేసింది మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక ఆవిడ చేసిన పని. తోటివాళ్ళు చాలామంది మంత్రులయ్యారు. ఆవిడ 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ పెట్టారు. దేశ విభజనతో వాయవ్య సరిహద్దు నుంచి వచ్చిన దాదాపు 50,000 మంది శరణార్థుల కోసం ఢిల్లీ దగ్గర ఫరీదాబాద్ ఊరు కట్టే పనిలో దిగారు. వాళ్ళకి ఎన్నాళ్ళని తిండి పెడతాం, చేతికి పని ఉండాలి, ఆ పని వాళ్ళదే అయ్యుండాలి అన్నది ఆవిడ లెక్క.

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆఫీసులో కూర్చోలేదు. ఏ ఊళ్ళో ఏ పని తెలిసినవాళ్ళు మిగిలారో వెతుక్కుంటూ తిరిగారు. ఎక్కడ పని చచ్చిపోతోందో అక్కడ మూడు ప్రశ్నలు: నేర్పేవాళ్ళు ఉన్నారా, ముడిసరుకు దొరుకుతోందా, కొనేవాళ్ళు ఎవరు? మూడోది తేలకపోతే మొదటి రెండూ ఉండి లాభం లేదు. అందుకే డిజైన్ సెంటర్లు వచ్చాయి. ఢిల్లీలోని సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణని కోఆపరేటివ్ యూనియన్ చేతికి తీసుకుంది.

మన శ్రీకాళహస్తి సంగతే చూడండి. గుళ్ళ ఆదరణ తగ్గి, మిల్లు గుడ్డ వచ్చి పడి, కలంకారీ రాసేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. గుడ్డని కరక్కాయ, పాలల్లో తడపడం, ఇనుము, బెల్లం ఊరబెట్టి నల్లరంగు కాచడం, వెదురు కలంతో గీయడం, పటిక అద్దడం, ఏట్లో ఉతకడం. ఇదంతా ఎక్కడా రాసి లేదు, పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉంది. కోడర్ భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేని, బ్యాకప్ లేని సిస్టమ్. 1950ల చివర్లో కమలాదేవి చొరవతో బోర్డు అక్కడ శిక్షణ కేంద్రం పెట్టింది. స్టైపెండ్ ఇచ్చి కుర్రాళ్ళకి నేర్పించారు. ఈరోజు మీ అమ్మగారి బీరువాలో ఒక్క కలంకారీ చీరైనా ఉందంటే ఆ బ్యాకప్ పనిచేసినట్టే.

1964లో న్యూయార్క్‌లో ప్రపంచ దేశాల చేతిపనివాళ్ళ మహాసభ జరిగింది. వరల్డ్ క్రాఫ్ట్స్ కౌన్సిల్ అక్కడే పుట్టింది, స్థాపించినవాళ్ళలో కమలాదేవి ఒకరు. అదే ఏడాది మద్రాసులో క్రాఫ్ట్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మొదలైంది. 1965 నుంచి పనివాళ్ళకి జాతీయ అవార్డులు వచ్చాయి. అప్పటిదాకా చీరకి పేరుండేది, నేసినవాడికి ఉండేది కాదు. 1966లో ఆవిడకి మెగసెసే అవార్డు, 1987లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1988 అక్టోబర్ 29న వెళ్ళిపోయారు.

ఆవిడ చేసిందంతా గెలుపే అని చెప్పను. మా తాతయ్య వాళ్ళింట్లో గుంటమగ్గం ఉండేది. ఇప్పుడా గుంట పూడ్చేసి టైల్స్ వేశారు. ఆవిడ నడిపిన హస్తకళల బోర్డుని కూడా 2020లో కేంద్ర ప్రభుత్వం రద్దు చేసేసింది. ఎంపోరియంలో రేటు చూసి మనలాంటి స్టూడెంట్స్ వెనక్కి వచ్చేస్తాం, అదీ నిజమే. అయినా ఆవిడ వేసిన మూడో ప్రశ్న నన్ను వదల్లేదు. కొనేవాళ్ళు ఎవరు?

ఈ ఫెస్ట్‌కి కూడా స్టాల్ నాదే. శాలువా డబ్బుల్ని దారిఖర్చుల కింద ముందే పంపించాలని కమిటీలో ఒప్పించాను. టేబుల్ మీద ఆర్డర్ల పుస్తకం, పక్కన క్యూఆర్ కోడ్. మైక్ మాకు కాదు, పెద్దాయనకి. అన్నట్టు, పుస్తకంలో మొదటి పేరు నాదే రాసుకున్నాను, ఒక చొక్కా గుడ్డకి. రెండో లైను ఖాళీగా ఉంది.