విజ్ఞాన చంద్రిక: కొమర్రాజు లక్ష్మణరావు

ఆధునిక విజ్ఞానాన్ని తెలుగువారికి వారి మాతృభాషలోనే అందించడానికి జీవితాన్ని ధారపోసిన మహనీయులలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు అగ్రగణ్యులు. చరిత్ర పరిశోధకులుగా, విజ్ఞాన సర్వస్వ నిర్మాతగా ఆయన కీర్తి సుస్థిరమైనది. ఆ కీర్తికి మూలం ఒక సంకల్పం. ఆంగ్లం రాదన్న ఒక్క కారణంతో ఏ తెలుగు బిడ్డా శాస్త్రజ్ఞానానికి దూరం కారాదన్నదే ఆ సంకల్పం.

లక్ష్మణరావు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. తల్లిదండ్రులు గంగమ్మ, వెంకటప్పయ్య. మూడేళ్ల పసిప్రాయంలోనే తండ్రిని కోల్పోయిన ఆయనను సవతి అన్న శంకరరావు చేరదీశారు. ఆయన ప్రాథమిక విద్య నిజాం రాజ్యంలోని భువనగిరిలో సాగింది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరిట వెలసిన ఊరు అది. ఊరి నడుమ ఆకాశాన్ని తాకుతున్నట్లు నిలిచిన ఏకశిలా పర్వతం, దానిపై కోట ఆ బాలుని కళ్లెదుట ఉండేవి. ఆ రాజ్యంలో 1880ల దశాబ్దంలో పారసీకం స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. ఆంగ్లేయుల పాలనలోని ఆంధ్ర ప్రాంతంలో ఉన్నత విద్య ఆంగ్లంలో సాగేది. రెండు చోట్లా బాలుని ఇంటి భాష ఒకటి, చదువుల భాష మరొకటి.

ఆ తరువాత లక్ష్మణరావు నాగపూరు ప్రాంతంలో ఉన్న అక్క భండారు అచ్చమాంబ ఇంట పెరిగి విద్య కొనసాగించారు. చిన్నతనంలోనే వివాహమైన అచ్చమాంబకు బడిచదువు లేదు. తమ్ముడు చదువుకొనే వేళ ఆమె చెంత కూర్చుండి అక్షరాలు నేర్చుకున్నారు. తమ్ముని చదువే ఆమెకు బడి అయింది. అలా ప్రారంభమైన ఆమె విద్య అబలా సచ్చరిత్ర రత్నమాల వంటి గ్రంథాన్ని రచించేంతగా వికసించింది. తాను నేర్చినదాన్ని నేర్వని వారికి పంచడమనే వ్రతానికి లక్ష్మణరావు జీవితంలో ఇదే తొలి అధ్యాయం. ఆయన 1900లో బి.ఎ., 1902లో ఎం.ఎ. పట్టాలను పొందారు. సంస్కృతం, మరాఠీ, ఆంగ్లం మొదలైన భాషలలో పాండిత్యం సంపాదించారు. మరాఠీలో విజ్ఞాన సాహిత్యం వృద్ధి చెందుతుండటం చూసిన ఆయనకు తెలుగులోని కొరత మరింత స్పష్టంగా తెలిసింది.

ఆయన మునగాల సంస్థానంలో ఉద్యోగిగా చేరి దివాను పదవిని నిర్వహించారు. సంస్థానాధీశుడు రాజా నాయని వేంకట రంగారావు విద్యాభిమాని. వారిద్దరి ప్రోత్సాహంతో, రావిచెట్టు రంగారావు వంటి పెద్దల తోడ్పాటుతో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఏర్పడింది. నిజాం రాజ్యంలో తెలుగు వికాసానికి అది తొలి దీపాలలో ఒకటి. అయితే గ్రంథాలయం ఉన్నంత మాత్రాన చాలదు. అందులో ఉంచదగిన శాస్త్రగ్రంథాలు తెలుగులో ఉండాలి. ఈ లోటును తీర్చడానికే 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఆవిర్భవించింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్ర 1907లో మండలి తొలి ప్రచురణగా వెలువడింది. తరువాత మండలి కార్యస్థానం చెన్నపట్టణానికి మారింది. లక్ష్మణరావు సంపాదకత్వంలో చరిత్రలు, జీవితచరిత్రలు, నవలలతో పాటు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, పదార్థ విజ్ఞానశాస్త్రం వంటి గ్రంథాలు సరళ గ్రాంథికంలో ప్రకటితమయ్యాయి.

పదార్థ విజ్ఞానశాస్త్రమంటే నేడు మనం భౌతికశాస్త్రమని పిలిచే విద్య. దానిని తెలుగులో చెప్పడం ఆనాడు ఎంత కష్టమైన పనో గ్రహించడానికి ఒక చిన్న పాఠాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక వస్తువును చేతితో తాకి నెట్టినా లాగినా దానిపై పనిచేసేది స్పర్శాబలం. తాకకుండానే ఇనుమును లాగే అయస్కాంతానిది అలాంటి బలం కాదు. నేలపై దొర్లించిన గోళీ కొంత దూరం పోయి ఆగిపోతుంది. దానిని ఆపిన చేయి కనిపించదు. కనుక కదిలే వస్తువు దానంతట అదే ఆగిపోతుందని బాలుడు భావిస్తాడు. ఆ గోళీనే ఇసుకపై ఒకసారి, మట్టినేలపై ఒకసారి, నున్నని బండపై ఒకసారి ఒకే వేగంతో దొర్లించి చూపితే ఆ భావన మారుతుంది. ఇసుకపై అది వెంటనే ఆగుతుంది, బండపై చాలా దూరం పోతుంది. గోళీ ఒకటే. మారినది దానిని తాకుతున్న తలం. ఒకదానినొకటి తాకే రెండు తలాల మధ్య ఏర్పడి, వాటి సాపేక్ష చలనాన్ని ఎదిరించే స్పర్శాబలమే ఘర్షణ.

ఈ పాఠానికి కావలసిన సామగ్రి పల్లెలోనే ఉంది. పెద్ద రాతిబండను కదిలించడానికి మొదట ఎక్కువ బలం కావాలి. కదిలిన తరువాత దానిని నెట్టడం కొంత తేలిక. బరువు పెరిగిన కొద్దీ ఘర్షణ పెరుగుతుంది. నేలపై ఈడ్వలేని ధాన్యపు బస్తాను బండిపై సులభంగా తరలించగలం, ఎందుకంటే జారే వస్తువుకన్నా దొర్లే చక్రానికి ఘర్షణ తక్కువ. బండి ఇరుసుకు కందెన వేసేది ఆ ఘర్షణను ఇంకా తగ్గించడానికే. అయితే ఘర్షణ శత్రువు మాత్రమే కాదు. అది లేకుంటే నేలపై అడుగు నిలువదు. వానకు తడిసిన నున్నని గుట్టరాయిపై కాలు జారేది అక్కడ ఘర్షణ తగ్గినందువల్లనే. గుట్ట ఎక్కేవారి పాదానికి పట్టునిచ్చేది ఘర్షణే.

రైతుబిడ్డకు ఈ అనుభవాలన్నీ తెలుసు. రాపిడి, ఒరిపిడి, పట్టు, జారుడు అనే మాటలు వాని నోటిలోనే ఉన్నాయి. వానికి లేనిది ఆ మాటల నుండి ఘర్షణ అనే పారిభాషిక పదానికి, అక్కడి నుండి నియమానికి దారి చూపే పుస్తకం. అదే పాఠాన్ని పరభాషలో చెప్పినపుడు విద్యార్థి పదాలను వల్లెవేస్తాడు గాని, తన ఇంటి బండి ఇరుసులో ఆ శాస్త్రమే ఉన్నదని గుర్తించలేకపోవచ్చు. పారిభాషిక పదాలు స్థిరపడని ఆ రోజులలో, కొనేవారు ఎందరుంటారో తెలియని స్థితిలో, శాస్త్రగ్రంథాలను వరుసగా ప్రకటించడం సాహసకృత్యమే. తెలుగులో శాస్త్రం చెప్పడం సాధ్యమా అన్న సందేహానికి లక్ష్మణరావు వాదనతో కాక గ్రంథాలతో సమాధానమిచ్చారు.

అంతటితో ఆయన తృప్తి చెందలేదు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా వంటి బృహద్గ్రంథం తెలుగులో ఉండాలని తలచి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి శ్రీకారం చుట్టారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారు ఆ మహాకార్యంలో ఆయనకు తోడుగా నిలిచారు. 1910ల దశాబ్దంలో మూడు సంపుటాలు వెలువడ్డాయి. ఆ మూడు సంపుటాలూ అకారాది విషయాలకే సరిపోయాయి. అక్షరమాలలోని తొలి అక్షరాన్ని దాటకముందే ఆ పని ఆగిపోయింది. ధనాభావం, కార్యభారం, అనారోగ్యం ఆయనను బాధించాయి. ఆ పనిని తిరిగి చేపట్టి కొనసాగించాలని తపిస్తూనే 1923 జూలై 12న, 46 ఏళ్ల వయసులో చెన్నపట్టణంలో లక్ష్మణరావు తనువు చాలించారు.

మొదటి అక్షరం వద్ద ఆగిన ఆ పని వ్యర్థం కాలేదు. 1930ల దశాబ్దంలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని మరల ప్రచురించారు. ఆ తరువాతి కాలంలో తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వ సంపుటాలు, హైదరాబాదు నుండి సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశం వెలువడ్డాయి. ఒకరు నాటిన విత్తనం పెక్కుమంది కృషితో వృక్షమైంది.

భువనగిరి నేడు ఒక జిల్లా కేంద్రం. అక్కడి తెలుగు మాధ్యమ పాఠశాలలో ఒక బాలిక ఘర్షణ అనే పాఠాన్ని తెరిచి, స్పర్శాబలం అనే మాటను తడబడకుండా చదువుతుంది. ఆ మాట ఆమెకు వింతగా తోచదు. అలా తోచకపోవడం వెనుక ఒక తరం చేసిన శ్రమ ఉంది. చలనాన్ని ఎదిరించే ఘర్షణే అడుగుకు పట్టునిచ్చినట్లు, తన కాలపు అవరోధాలనే ఆధారంగా చేసుకొని ముందుకు సాగిన లక్ష్మణరావు జీవితం విద్యార్థిలోకానికి చిరస్మరణీయం.