పాల్కురికి సోమనాథ మహాకవి - ద్విపద మహిమ

వీరశైవ వాఙ్మయమున పాల్కురికి సోమనాథ మహాకవిని స్మరింపని మఠము లేదు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తియే ఆయన జన్మస్థలమని పండితులలో పెక్కుమంది అభిప్రాయము. ఆయన కాలమును గూర్చిన వాదము మాత్రము తెగలేదు. 12, 13 శతాబ్దుల సంధికాలమని కొందరనిరి. ఓరుగంటి ప్రతాపరుద్రుని కాలమునకు కొందరు దించిరి. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడీకరించెను గనుక అంతకు మునుపే ఆ గ్రంథము తెలుగునాటి ఎల్లలు దాటెననుట నిశ్చయము. కాలనిర్ణయ మెట్లున్నను, ఆ మహనీయుడు చేతబట్టిన పనిముట్టును గూర్చి యోచించుట అంతకంటె ఫలవంతము. ఆ పనిముట్టు ద్విపద.

సోమనాథుడు చేతగాక ద్విపదను పట్టినవాడు కాడు. సంస్కృతమున సోమనాథభాష్యమును రచించిన విద్వాంసుడు, తెలుగున వృషాధిప శతకమును వృత్తములలో నడపిన ప్రౌఢకవి, కన్నడ మెరిగినవాడు. రాజసభలు మెచ్చు చంపూమార్గము ఆయనకు తెరచియే యున్నది. అయినను గద్యపద్యముల కలగలుపు కంటె జాను తెనుగే సర్వజనులకు సరసమని యెంచి, ద్విపదలు వేదములకు తీసిపోవని ధైర్యముగా ప్రకటించెను. ఆయన చెప్పదలచిన కథలెవరివి? బట్టలుతుకు మడివాలు మాచయ్యవి, కిన్నర వాయించి బ్రతికిన బ్రహ్మయ్యవి, పాలు త్రాగడేమని శివునితో మారాము చేసిన పసిపిల్ల గొడగూచివి, శివునికి తల్లి లేదే యని కుమిలిన బెజ్జ మహాదేవివి. కాయకమే కైలాసమని నమ్మిన శరణుల కథలు ఆ కాయకజీవుల నోటనే నిలువవలెను గాని కొందరి పెట్టెలలో కాదు.

ఆ దినములలో గ్రంథమనగా తాటియాకుల కట్ట. గంటముతో ఆకుపై గీచి, మసి రుద్దినగాని అక్షరము కనబడదు. మాటకు మాటకు నడుమ ఎడము విడువరు. పంక్తి యొక గొలుసువలె సాగును. కొంత ముందే తెలిసినవానికి గాని ఆ గొలుసు విడివడదు. చెదలు, తేమ దానికి నిత్య శత్రువులు. కొన్ని తరములకొకమారు మరల వ్రాయింపకున్న గ్రంథమే అంతరించును. అట్టి సాధనమును నమ్ముకొన్న విద్య సహజముగా కొద్దిమంది చేతనే యుండును.

ద్విపద తీరు వేరు. రెండే పాదములు, పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము, మూడవ గణము మొదట యతి, రెండవ అక్షరమున ప్రాస. రెండవ పాదము మరచినవానికి మొదటి పాదములోని ప్రాసాక్షరమే అందిచ్చును. నడక తప్పిన చెవికి వెంటనే తెలియును. ఏ ఖర్చును లేక, ఏ చెదలును పట్టక, తిరుగలి త్రిప్పుచు పొలము దున్నుచు మోసికొని పోదగిన గ్రంథమది. భక్తుల పేర్లను దండలుగా గ్రుచ్చుట, ఒకే భావమును పలుమారులు త్రిప్పి చెప్పుట బసవపురాణమున మెండు. విమర్శకులు కొందరు దీనిని పునరుక్తి దోషమనిరి. ఒంటరిగా కూర్చుండి కంటితో చదువువానికి అది దోషముగా తోచవచ్చును. పదిమందిలో వినువానికి ఆ మరల మరల వచ్చుటయే ఊతము. కన్ను వెనుకకు మరలి చూడగలదు. చెవికి ఆ సౌకర్యము లేదు.

చెవితో గ్రహించిన కథ మనస్సునెట్లు మార్చునో సోమనాథుడే రుద్రపశుపతి కథలో చూపెను. ఆ ముగ్ధభక్తుడు పురాణశ్రవణమున శివుడు హాలాహలము మ్రింగెనని వినెను. అది ఎన్నడో జరిగినదన్న తలంపే అతనికి రాలేదు. ఇప్పుడే మ్రింగెను, స్వామికేమగునో యని పరుగెత్తి, నీట దిగి ప్రాణములు విడువ సిద్ధపడెను. శివుడు ప్రత్యక్షమై తనకేమియు కాలేదన్నను నమ్మక, ఆ గళమునే కాచి చూచుచుండెను. చదువరికి ఇది వెర్రి. సోమనాథునికి ఇదియే భక్తి. జ్ఞాపకమనగా గతించినదానిని భద్రపరచుట కాదు, ఎదుట నిలుపుకొనుట యని ఆయన తలంపు.

విద్వత్సభలు దీనిని సులభముగా అంగీకరింపలేదు. పిడుపర్తి సోమన యొక వృత్తాంతము చెప్పెను. ఓరుగంటి శివాలయమున భక్తులు బసవపురాణము వినుచుండగా ప్రతాపరుద్రుడు అదేమని యడిగెను. అది సోముడను వాడు ఈ మధ్య కట్టిన ద్విపద, ప్రమాణము కాదని ఒక విప్రుడు చెప్పెను, రాజు సాగిపోయెను. ఈ వృత్తాంతము చెప్పిన పిడుపర్తి సోమనయే తుదకు ఆ పురాణమును పద్యకావ్యముగా మార్చి వ్రాసెను! పండితుల గౌరవము దానికట్లు లభించినది; నోటికి వచ్చు గుణము కొంత తరిగినది.

1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించిన ద్విపద బసవపురాణమును ఆంధ్ర గ్రంథమాల ప్రకటించినది. ఆ మేలు మరువరానిది. తాళపత్ర దశలోనే యుండిన ఎన్ని పాఠములు నశించియుండునో! 1990లో వెల్చేరు నారాయణరావుగారు, జీన్ రోఘేర్ గారు చేసిన ఆంగ్లానువాదము అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో వెలువడినది. అది వచనము, కథలు దాటిపోయినవి, ప్రాస ఇచ్చటనే నిలిచినది.

గండిపేట చెరువునకు చేరువనున్న నార్సింగి ఒకనాటి పల్లె. నేడు కంప్యూటరు విద్యలో ఆరితేరినవారు అంతస్తుల మేడలలో కాపురముండు పట్టణము. అచ్చటి లింగధారియైన యువకుడు బెజ్జ మహాదేవి కథను చేతిలోని ఫోనున క్షణములో వెదకి తీయగలడు. ఇంతటి సాధనము సోమనాథుని కాలమున లేదు. అయితే బెజ్జ మహాదేవి యను పేరు ముందుగా ఎవరి నోటనో వినియుండకున్న అతడు దేనిని వెదకును? ఆ మొదటి వినికిడిని ఏ యంత్రమును ఇంకను ఇంటి పెద్దలనుండి తీసికొనలేదు, పెద్దలే విడిచిపెట్టుచున్నారు.

నోటి విద్య ఎంత చంచలమో సోమనాథునికి తెలియకపోలేదు. పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణమున, శివరాత్రికి శ్రీశైలమున చేరిన భక్తకోటిని వర్ణించుచు వారు పాడు పదములను పేరుపేరున చెప్పెను. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, శంకర పదములు, నివాళి పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు. ఆ జాగరణ రాత్రులలో వేల గొంతులు పాడిన పాటలలో ఆ పేర్లు మాత్రము ద్విపదలో చిక్కి మనవరకు వచ్చినవి. ఆనాటి పాటలు దక్కలేదు.