యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రజ్ఞుడు. కైకలూరు నుండి ఆకివీడు మీదుగా సాగే రైలుమార్గంలోని భీమవరంలో 1895 జనవరి 12న జన్మించాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున ఎం.బి.బి.యస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. అమెరికా వెళ్ళి హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ సంస్థలో చేరాడు.

సోదరుడు స్ప్రూ వ్యాధితో మరణించడం అతని మనసులో నాటుకుపోయింది. ఈ వ్యాధిలో ప్రేగులు ఫోలిక్ ఆమ్లాన్ని సరిగా గ్రహించలేవు. అది కొరవడితే ఎముక మజ్జలో కణాల ఉత్పత్తి కుంటుపడి, ఎర్రకణాలతో పాటు ప్లేట్‌లెట్లు (రక్తాన్ని గడ్డకట్టించే కణికలు) కూడా తగ్గిపోతాయి. అతని బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. విచిత్రమేమంటే, ఆ ఆమ్లం పనికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడే రూపొందాయి. అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సరు తాత్కాలికంగా ఉపశమించినట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు.

శరీరం తనకు వ్యతిరేకంగా తానే ప్రతిరక్షకాలను తయారుచేసుకునే ఒక రకం కీళ్ళవాతానికి నేడు మెథోట్రెక్సేట్‌ను వారానికొకసారి, తక్కువ మోతాదులో ఇస్తున్నారు. మోతాదు మించితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దుష్ఫలితాలను తగ్గించేందుకు ఫోలిక్ ఆమ్లం మాత్రను కూడా జతచేస్తారు. ఈ ఉపయోగాన్ని సుబ్బారావు చూడలేదు. 1948 ఆగష్టులో, 53 ఏళ్ళ వయసులో, అమెరికాలోనే మరణించాడు. 1995లో భారత తపాలా శాఖ అతని పేర తపాలాబిళ్ళ విడుదల చేసింది.